విస్మృతి, దాంపత్యం, మన కథ

మన సాహిత్యంలో దంపతులకు రెండు వయసులే కనిపిస్తాయి. ఒకటి పెళ్ళయిన కొత్తలోది. రెండవది పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయిన తర్వాతది. మొదటిది శృంగారానికి పనికివచ్చింది; రెండవది కరుణకో హాస్యానికో పనికివచ్చింది. ఈ రెంటికీ ఆవల మూడవ వయసు ఒకటున్నది. దంపతులలో ఒకరి జ్ఞాపకం చెదిరిపోయి, ఇద్దరి జ్ఞాపకాన్నీ రెండవవారే మోయవలసి వచ్చే వయసు అది. అది మన పల్లెల్లో వున్నది, మన పట్టణాల్లో వున్నది. మన కథలో మాత్రం దానికి తగిన చోటు ఇంకా దొరకలేదు. ఎందుకు దొరకలేదో, దొరకాలంటే మన సాహిత్యదృష్టిలో ఏం మారాలో ఈ వ్యాసంలో విచారించదలచుకున్నాను.

ఇది ఎక్కడో కోటికొకరికి వచ్చే వింతజబ్బు కాదు. దేశవ్యాప్తంగా వృద్ధులను పరీక్షించి 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం, 60 ఏళ్ళు దాటిన భారతీయులలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బున్నది. మగవారిలో కన్న ఆడవారిలో ఎక్కువ. పట్టణాలలో కన్న పల్లెలలో ఎక్కువ. ఈ చివరి రెండు మాటల దగ్గర అభ్యుదయ రచయిత కాసేపు ఆగాలి. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘం 2024లో ఈ జబ్బుకు దోహదం చేసే కారణాలలో, మన చేతనయితే మార్చగలిగినవి 14 అని లెక్కవేసింది. వాటిలో చదువు లేకపోవడం వున్నది. వైద్యం అందని చెవుడు, చూపుమాంద్యం వున్నాయి. రక్తపోటు, ఒంటరితనం, కలుషితమైన గాలి వున్నాయి. ఫలానా మనిషికి ఫలానా కారణం వల్లనే జబ్బు వచ్చిందని వేలెత్తి చూపలేము, నిజమే. కాని బడికి పంపకుండా కలుపుతీతకు పంపిన ఆడపిల్లలు ఏడు పదుల వయసులో మగవారికన్న ఎక్కువగా జ్ఞాపకం పోగొట్టుకుంటూ వుంటే, దాన్ని తలరాత అని సరిపెట్టుకోవడం మన పని కాదు. జబ్బు శరీరానిదే అయినా, అది ఎవరికి ఎక్కువగా వస్తుందో, వచ్చినవారిని ఎవరు చూస్తారో నిర్ణయించేది సమాజం.

ముందు మాటల సంగతి చూద్దాం. వైద్యులు దీనిని డిమెన్షియా అంటారు. పత్రికలవారు చిత్తవైకల్యం అంటున్నారు. ఊళ్ళో ఈ రెండు మాటలూ వినపడవు. “పెద్దతనం”, “మతి తప్పింది”, “పసితనం వచ్చింది”, “చాదస్తం” అంటారు. చాదస్తమన్న మాటకు మూలం ఛాందసం. వేదం చెప్పుకునేవాడు ఛాందసుడు. కాలం మారిందని గమనించక పాతదాన్నే పట్టుకు వేలాడేవాడనే అర్థం దానికి తర్వాత వచ్చింది. ఆ మాటలో వెక్కిరింత వున్నది. మనిషి బుద్ధిపూర్వకంగా మొండికేస్తున్నాడనే నేరారోపణ వున్నది. మన నాటకాలలో, సినిమాలలో అడిగిందే అడిగే ముసలివాడు నవ్వించడానికే వస్తాడు. ఇక “పసితనం” అన్నది ప్రేమతో అనే మాటే గాని, అదీ సత్యం కాదు. పసిబిడ్డ రోజుకొక మాట నేర్చుకుంటుంది, చూసేవారు మురిసిపోతారు. ఈ మనిషి రోజుకొక మాట పోగొట్టుకుంటుంది, చూసేవారు తలతిప్పుకుంటారు. పైగా పసిబిడ్డకు వెనుక జీవితం లేదు. ఈమెకు డెబ్బై ఏళ్ళ కష్టం, గౌరవం, కోపం, సిగ్గు అన్నీ వున్నాయి. పేరు సరిగా లేని జబ్బు మనిషి గుణంగా చలామణి అవుతుంది. గుణమయితే సరిదిద్దాలని చూస్తాం, తిడతాం. జబ్బని తెలిస్తే చూసుకునే దారి వెతుకుతాం. కాబట్టి మాట విషయంలో రచయితకున్న బాధ్యత చిన్నది కాదు.

జబ్బుపడిన భాగస్వామిని చూసుకునే మనిషి మన సాహిత్యానికి కొత్త కాదు. పురాణంలోనే వున్నది. కుష్ఠురోగి అయిన భర్త కౌశికుణ్ణి మోసుకుని, అతడు కోరిన వేశ్య ఇంటికి తీసుకుపోయిన సుమతి కథ తెలియని తెలుగువారు అరుదు. సూర్యోదయం కాగానే భర్త చస్తాడన్న శాపం వినగానే, సూర్యుడే ఉదయించకూడదని ఆమె శాసించింది, లోకాలు తల్లడిల్లాయి. ఈ కథను స్త్రీకి అన్యాయం చేసే కథగా విమర్శించడం అయిపోయింది. దాన్నే మళ్ళీ చెప్పను. నేను చూపదలచినది మరొకటి. ఈ కథలో సుమతికి నడుము నొప్పి లేదు. నిద్ర చాలకపోవడం లేదు. విసుగు లేదు. ఆమె చేసిన చాకిరీ అంతా పాతివ్రత్యమనే మహిమగా మారిపోయింది. చాకిరీ మహిమగా మారిన తర్వాత దానిని మరొకరు పంచుకోవలసిన అవసరమే వుండదు. సూర్యుణ్ణి ఆపగలిగిన మనిషికి రోగి గుడ్డలుతకడానికి సాయమెందుకు? శ్రమను దైవత్వంగా మార్చి, శ్రామికుణ్ణి ఒంటరిని చేసే ఎత్తుగడ ఇది. పురాణంతోనే ఇది ఆగిపోలేదు.

భర్తల పక్షాన కథ లేకపోలేదు. పాముకాటుతో మరణించిన ప్రమద్వరకు రురుడు తన ఆయుర్దాయంలో సగం ధారపోశాడు. ఆదిపర్వంలోని ఈ కథ నాకిష్టమైనది. కాని ఆ ధారపోత ఒక్క క్షణంలో జరిగిపోయింది. ప్రమద్వర నిద్రలోంచి లేచినట్టు లేచింది, పెళ్ళి జరిగింది, కథ ముగిసింది. నిజజీవితంలో సగం ఆయుష్షు ఇలా ఒక్క మాటతో ధారపోయడం కుదరదు. గంటగంటగా పోయాలి. పొద్దున ముఖం కడిగించడం దగ్గర నుంచి రాత్రి తలుపు గొళ్ళెం మూడుసార్లు సరిచూసుకోవడం దాకా చిల్లరగా చెల్లించాలి. పైగా ఆవలి మనిషి లేచి కూర్చుని గుర్తుపట్టే ఘట్టం ఈ కథలో రాదు. త్యాగాన్ని ఒక్క క్షణంలో చూపడం మన కథకు బాగా చేతనవును. చిల్లరగా చెల్లించే త్యాగాన్ని చూపడం ఇంకా చేతకాలేదు.

ఆధునిక కాలానికి వస్తే, వృద్ధదాంపత్యం అనగానే తెలుగు పాఠకుడు శ్రీరమణ ‘మిథునం’ పేరు చెబుతాడు. మలయాళంలో ఎం.టి. వాసుదేవన్ నాయర్ దానిని 2000లో ‘ఒరు చెరుపుంచిరి’ అనే సినిమాగా తీశారు. 2012లో తనికెళ్ళ భరణి తెలుగులో ఇద్దరే పాత్రధారులతో తీశారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మిల పెరటి తోట, పాడి, రుచులు, తగాదాలు లక్షలమందిని అలరించాయి. దాని భాషాసౌభాగ్యాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఆ దంపతుల రోజంతా పనులతో నిండివుండడం ఆ కథలోని పెద్ద బలం. వాళ్ళు ప్రేమ గురించి ఉపన్యసించరు. కలిసి పనిచేస్తారు, కలిసి తింటారు, పోట్లాడుకుంటారు. దాంపత్యమంటే రోజూ చేసుకునే పనుల సముదాయమని ఆ కథ గుర్తించింది. ఇది మంచి గుర్తింపు.

అయితే ఆ పనుల వెనుక కొన్ని ఆధారాలున్నాయి. తోటకు నేల వున్నది. వంటకు సరుకులున్నాయి. అన్నిటికీ మించి ఇద్దరికీ మతి స్థిరంగా వున్నది. చిలిపి తగాదాకు రెండువైపులా జ్ఞాపకం కావాలి. నిన్నటి మాటకు ఇవాళ ఎదురుమాట అనగలగాలి. ఆ జ్ఞాపకం ఒక వైపున తెగిపోతే మిథునం ఏమవుతుంది? అదే వంట, అదే పెరడు, అదే మనిషి. కాని వండినది తిన్నానని గుర్తులేని భర్త, పొయ్యి మీద ఎసరుపెట్టి మరచిపోయే భార్య. కథ ముగింపులో భర్త ముందుపోతాడు. తాను ముందు పోతే ఆయన్ను ఎవరు చూస్తారన్న దిగులు తీరిందన్న భావం భార్యలో కనిపిస్తుంది. పాఠకుడు కంటతడి పెట్టేది ఇక్కడే. నాకు ఇక్కడే ఒక ప్రశ్న తోస్తుంది. జీవితమంతా ఒక మనిషి తిండీ బట్టా ఎరగకుండా బతికేందుకు ఇంకొక మనిషి చేసిన శ్రమను ఈ కథ రుచి అన్నది, అనురాగం అన్నది. శ్రమ అని మాత్రం అనలేదు. మూడవ వయసు రాగానే ఆ ముసుగు తొలగిపోతుంది. మన కథ ఆ గడప దగ్గరే ఆగిపోయింది.

ఆ తర్వాత వచ్చిన కథల్లో ఎక్కువ భాగం పిల్లలను బోనెక్కించాయి. కొడుకు అమెరికాలో వున్నాడు, కోడలు పట్టించుకోదు, తల్లిదండ్రులు వృద్ధాశ్రమంలో వున్నారు. ఈ ఆరోపణలో నిజం లేదనను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కూడా పిల్లల బాధ్యతను గురించే ప్రధానంగా మాట్లాడింది. కాని ఈ ధోరణిలో ఒక లోపం వున్నది. ముసలివారిని ఎవరూ చూడడం లేదని కథ వాపోతున్న ఆ సమయంలోనే, ఒక ముసలి మనిషిని ఇంకొక ముసలి మనిషి చూస్తూనే వున్నది. ఆ చూసే చేతులు కథకుడి కంటికి ఆనవు. పిల్లలు చూడకపోతే ఎవరూ చూడనట్టే అని రాసినప్పుడు, భార్య లేక భర్త చేసే పనిని మనం లెక్కలోంచి కొట్టివేస్తున్నాం.

ఆ చేతులను నేను శావల్యాపురంలో చూశాను. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలో వున్న మండల కేంద్రం అది. గుంటూరు - గుంతకల్లు రైలు మార్గం మీద నరసరావుపేటకూ వినుకొండకూ నడుమ వున్నది. సాగర్ కుడికాలువ ప్రాంతం. మిర్చి, పత్తి, కంది పండే నేల. అక్కడి వీధిలో ఒక వృద్ధదంపతుల ఇంటికి కొంతకాలంగా పోతూ వస్తూ వున్నాను. పేర్లు చెప్పను. ఎందుకో తర్వాత చెబుతాను. ఇద్దరూ కూలినాలి చేసి బతికినవారు. ఆమెకు జ్ఞాపకం చెదిరి నాలుగేళ్ళు దాటింది. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలినప్పుడు ఆమె వయసు పిల్ల; అంతకు ముందు కాలువ పనిలో మట్టి మోసింది. పొద్దున తిన్నది ఆమెకు గుర్తుండదు గాని, ఆ మట్టితట్ట గుర్తున్నది. ఒక్కొక్క రోజు తెల్లవారకముందే లేచి, “కాలవ పనికి పొద్దుపోతంది, మేస్త్రీ తిడతాడు” అంటూ తలుపు దగ్గర నిలబడుతుంది.

మొదట్లో ఆయన సరిదిద్దాడు. “కాలవ తవ్వి అరవై ఏళ్ళయిందే, ఏడి మేస్త్రీ?” అన్నాడు. ఆమె ఏడ్చింది. రోజూ ఏడ్చింది. ఇప్పుడు ఆయన, “ఇయాళ పని లేదంట, మేస్త్రీ కబురు పంపాడు. కూర్చో, గంజి తాగు,” అంటాడు. ఆమె నిమ్మళిస్తుంది. సాయంత్రమైతే మరొక పాట: “ఇంటికి పోదాం పద మావా.” ఇదే ఇల్లు అని వాదిస్తే తగాదా. అందుకని ఆయన చేతికర్ర తీసుకుని ఆమె చెయ్యి పట్టుకుని బయలుదేరుతాడు. రైలుస్టేషన్ వైపు పోయి, చుట్టు తిరిగి, అదే గుమ్మం ముందుకు వచ్చి, “ఇదుగో ఇంటికొచ్చాం,” అంటాడు. ఆమె లోపలికి పోతుంది. ఎదురువాదం పెట్టుకోకు, మనిషి వున్న చోటికి నువ్వు పో, అని నేటి వైద్యశాస్త్రం సంరక్షకులకు చెబుతున్నది. ఈయన ఏ పుస్తకమూ చదవలేదు. ఏడుపు భరించలేక కనిపెట్టుకున్నాడు.

నీళ్ళు పోసేటప్పుడు ఒకేసారి నెత్తిన పోస్తే ఆమె బెదిరి అరుస్తుంది. కాళ్ళ మీద మొదలుపెట్టి, చెంబు ఆమె చేతికే ఇస్తే తనే పోసుకుంటుంది. “స్నానం చెయ్యి” అన్న మాట ఆమెకు అర్థం కాదు, చేతిలో చెంబు అర్థమవుతుంది. మాట పోయినా చేతికి పని తెలుసు. మూటలో కట్టిన పాత చీరలు విప్పి ముందుపెడితే మడతలు వేస్తుంది. చేట ఇస్తే చెరుగుతుంది. పక్కింటివాళ్ళు కోలాటం పాట ఎత్తుకుంటే, మొగుడి పేరు చెప్పలేని మనిషి చివరిదాకా పాడుతుంది.

ఇక్కడ ఒక కరపత్రం సంగతి చెప్పాలి. ఈమెను చూపించిన ఒక పట్టణపు ఆస్పత్రిలో, రోగితో జీవితభాగస్వామి కలిసి చేయదగిన నిత్యకృత్యాలంటూ ఒక కాగితం ఇచ్చారు. ఫోటో ఆల్బం తిరగేయడం, పదకేళి నింపడం, రంగులు వేయడం, కలిసి పత్రిక చదువుకోవడం, పూలకుండీలకు నీళ్ళు పోయడం. రాసినవారి ఉద్దేశం మంచిదే. కాని ఆ ఇంట్లో వున్న ఫోటోలు రెండు. ఒకటి ఆధార్ కార్డు మీద, ఒకటి రేషను కార్డు మీద. ఇద్దరికీ అక్షరం రాదు. తీరిక వేళలు, చదువు, వస్తువులు వున్న మధ్యతరగతి దంపతులను మనసులో పెట్టుకుని రాసిన కాగితం అది. జబ్బును కొలిచే పరీక్షలదీ ఇదే వరస. 1975లో అమెరికాలో తయారై ప్రపంచమంతా వాడుతున్న ఒక పరీక్షలో వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గీయమంటారు. పలక పట్టనివారికి అది జ్ఞాపకపరీక్షా, బడిపరీక్షా? అందుకే హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెవారి కోసం 1990 దశకంలో హిందీలో వేరే పరీక్ష రూపొందించవలసి వచ్చింది. చదువులేనివారి బుద్ధి ఖాళీకుండ కాదనడానికి మన దగ్గరే ఒక నిదర్శనం వున్నది. హైదరాబాదు నిమ్స్‌కు వచ్చిన 648 మంది రోగులను పరిశీలించి సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 2013లో ఒక ఫలితం ప్రకటించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో, ఒకే భాషవారి కన్న సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా జబ్బు బయటపడింది. అక్షరం రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. సంతలో ఉర్దూ, ఇంట్లో తెలుగు మాట్లాడి బతికిన మనిషి మెదడు చేసిన వ్యాయామం ఏ బడి రిజిస్టరులోనూ ఎక్కలేదు. కాని అది వున్నది.

మళ్ళీ శావల్యాపురం ఇంటికి వస్తాను. ఆయన మొదట ఆమెకు మిరపకాయల తొడిమలు తీసే పని ఇచ్చాడు. ఆ ప్రాంతంలో అందరి చేతులకూ తెలిసిన పని అది. కాని ఆమె ఆ చేతులతోనే కళ్ళు నులుముకుంది, గోల అయింది. మిరప మాని, కందులలో మట్టిపెళ్ళలు ఏరమన్నాడు. రెండు గంటల పాటు శ్రద్ధగా ఏరింది. ఆ రెండు గంటలూ ఆయన పొయ్యి దగ్గర పని చూసుకున్నాడు. ఇంట్లో కందులు నాలుగు సేర్లు. మరునాటికి ఏరడానికి ఏమున్నది? రాత్రి ఆమె పడుకున్నాక, ఏరిన పెళ్ళలు మళ్ళీ కందుల్లో కలిపేవాడు. చాలా రోజులు అలాగే సాగింది.

ఇది విన్నప్పుడు నాకు మనసు కలుక్కుమన్నది. శ్రమను గౌరవించే సిద్ధాంతం మనది. ఫలితం లేని పనిని, పగలు చేసి రాత్రి చెరిపివేసే పనిని, మనం శ్రమ అనగలమా? జీవితమంతా నిజమైన పని చేసిన మనిషికి చివరకు దొంగపని అంటగట్టడం అవమానం కాదా? ఇంకొక వైపు నుంచి చూస్తే, ఆ రెండు గంటలు ఆమె ముఖంలో కనిపించే స్థిమితం అబద్ధం కాదు. ఆయనకు చిక్కిన ఊపిరి అబద్ధం కాదు. నేను తేల్చుకోలేకపోయాను. తేల్చింది పక్కింటి కూలిమనిషి. విషయం తెలిసి ఆమె, “ఊరికే ఎందుకు కలుపుతావు పెదనాయనా, మా కందులు లేవా? పెద్దమ్మ ఏరితే నాకు పొద్దు మిగులుద్ది,” అని తన చేట తెచ్చి పెట్టింది. తర్వాత మరొక ఇంటినుంచి చింతపండు వచ్చింది గింజ తీయడానికి. అక్కడక్కడా గింజ మిగిలిపోతుంది. ఎవరూ ఏమీ అనరు. తీసుకుపోయేటప్పుడు, “బాగా చేశావు పెద్దమ్మా,” అని ఒక గిన్నె పప్పు పెట్టిపోతారు.

కరపత్రంలోని నిత్యకృత్యానికీ దీనికీ వున్న తేడా ఇదే. కరపత్రం పొద్దుపుచ్చే మార్గం చెప్పింది. కూలిమనిషి ఆమెను మళ్ళీ పనిచేసే లోకంలోకి చేర్చుకున్నది. మతి చెదిరిన మనిషికి కావలసింది కాలక్షేపం కాదు. తనవల్ల మరొకరికి ఉపయోగం వున్నదన్న స్థానం. ఆ స్థానాన్ని భర్త ఒక్కడే ఇవ్వలేడు. చుట్టూ వున్నవారు ఇవ్వాలి. మన విమర్శకులు కథల్లో వెతికే సామాజికత అంటే ఇదే గదా.

అయితే ఈ చిత్రాన్ని నేను ఇక్కడితో ముగిస్తే నేనూ మరొక సుమతి కథ రాసినవాణ్ణే అవుతాను. ఒకరోజు ఆయన నాతో చెప్పిన మాట దాచలేను. వరసగా మూడు రాత్రులు ఆమె నిద్రపోలేదు. ఆయన్నూ పోనివ్వలేదు. నాలుగో రాత్రి తలుపు తీసుకుని వీధిలోకి పోతుంటే పట్టుకుని లాగి, చెంప మీద కొట్టాడు. “నా చేత్తో ఎప్పుడూ దాన్ని కొట్టలేదయ్యా. వయసులో వున్నప్పుడు కూడా కొట్టలేదు. కొట్టిన సంగతి దానికి తెల్లారేసరికి గుర్తు లేదు. నాకే వుంది,” అన్నాడు.

ఈ ఘట్టానికి మన దాంపత్య సాహిత్యంలో చోటు లేదు. పతివ్రత కథలో చోటు లేదు, ఎందుకంటే అక్కడ అలసట లేదు. ‘మిథునం’ తరహా కథలో చోటు లేదు, ఎందుకంటే అక్కడ తగాదా మురిపెమే గాని దెబ్బ కాదు. పిల్లలను నిందించే కథలోనూ చోటు లేదు, ఎందుకంటే అక్కడ ముసలివారు నిందితులు కాకూడదు. ఆ దెబ్బను సమర్థించమని నేననడం లేదు. ఆయనే సమర్థించుకోలేదు. కాని మూడు రాత్రుల నిద్రలేమి, పనికి పోలేని చేత కరిగిపోయిన కూలి, 2024 నుంచి వస్తున్న 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను మీద నడవవలసిన సంసారం, ఒక్కపూట వచ్చి కూర్చునే మరొక మనిషి లేకపోవడం, ఇవన్నీ ఆ దెబ్బలో వున్నాయి. మనిషిని దేవుణ్ణి చేయకుండా, దుర్మార్గుణ్ణీ చేయకుండా, ఆ రాత్రికి దారితీసిన పరిస్థితులను చూపించగలిగిన కథే వాస్తవిక కథ.

అదే ఊళ్ళో ఇంకొక వీధిలో మరొక జంట వున్నది. అక్కడ జబ్బు భర్తది, చూసేది భార్య. ఆరేళ్ళ నుంచి చూస్తున్నది. మొదటి వీధిలోని భర్తను ఊరు ఊరంతా పొగుడుతుంది: “మగాడై వుండి వండి పెడుతున్నాడు, జడ వేస్తున్నాడు, దేవుడు.” రెండవ వీధిలోని భార్యను ఎవరూ పొగడరు. పైగా, “పసుపు కుంకాలతో వుంది, అదే చాలు,” అంటారు. చేసే పని ఒకటే. ఒకరు చేస్తే మహిమ, ఇంకొకరు చేస్తే ధర్మం. మహిమకు మెప్పన్నా దక్కుతుంది. ధర్మానికి అదీ లేదు. ఈ జబ్బు వున్నవారికి అయినవాళ్ళు చేసే సేవ గంటలలో 70 శాతం స్త్రీలవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కథకుడు మొదటి వీధికి పోయినంత సులువుగా రెండవ వీధికి పోడు, ఎందుకంటే వింత మొదటి వీధిలోనే వున్నది. నేనూ మొదట ఆ వీధికే పోయానని ఒప్పుకుంటున్నాను. విమర్శ అన్నది ముందు మన చూపు మీదనే పెట్టాలి.

ఇతర భాషలవైపు చూస్తే, మలయాళంలో బ్లెస్సీ తీసిన ‘తన్మాత్ర’ 2005లోనే ఈ జబ్బును ఒక గుమాస్తా సంసారంలో పెట్టి చూపింది. ఇంగ్లండులో సాహిత్య విమర్శకుడు జాన్ బేలీ, నవలాకారిణి అయిన తన భార్య ఐరిస్ మర్డాక్ జబ్బు గురించి 1998లో పుస్తకం రాశాడు. తత్త్వశాస్త్రం బోధించిన భార్యతో కలిసి పసిపిల్లల టెలివిజన్ బొమ్మలు చూసిన సంగతి అందులో దాచలేదు. ఆ నిజాయితీని మెచ్చుకున్నవారున్నారు. బతికివున్న భార్య ఒప్పుకోలు చెప్పలేని స్థితిలో ఆమెను లోకం ముందు పెట్టడం న్యాయమా అని నిలదీసినవారూ వున్నారు. ఆ ప్రశ్న నన్నూ అడగవచ్చు. శావల్యాపురం దంపతుల పేర్లు నేను చెప్పకపోవడానికి కారణం అదే. భర్త సరేనన్నాడు, భార్యను అడిగే వీలు లేదు. ఇద్దరి జీవితాన్ని ఒకరి అనుమతితో రాసేటప్పుడు రచయిత ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

ఈ జబ్బు చరిత్ర కూడా ఒక దంపతుల కథతోనే మొదలయిందన్నది మనం గుర్తుంచుకోవాలి. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో ఆగుస్త డీటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని చేర్చారు. భర్త రైల్వేలో పనిచేసేవాడు. ఇంట్లో చూసుకోలేక తీసుకువచ్చాడు. ఆమె 1906లో మరణించింది. ఆ ఏడాది నవంబరులోనే ఆమె మెదడును పరీక్షించిన వైద్యుడు ఆల్జ్‌హైమర్ తన ఫలితాలను సభలో వినిపించాడు. వైద్యుడి పేరు జబ్బు పేరయింది. రోగి కాగితాలు 1995లో మళ్ళీ దొరికాయి. ఇంట్లో చూసి చూసి, ఇక చేతకాక తీసుకువచ్చిన ఆ భర్తకు వైద్యచరిత్రలో దక్కింది ఒకటి రెండు వాక్యాలు. శాస్త్రం రోగిని చూసింది. చూసుకునేవారిని చూడవలసింది సాహిత్యం.

ఏమీ చేయలేమన్న నిరాశకు కారణం లేదు. 2008లో గోవాలో 81 కుటుంబాలతో జరిగిన ఒక పరిశోధన వెలువడింది. నిపుణులు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, చూసుకునేవారికి సలహా, ఓదార్పు అందించారు. చూసుకునేవారి మనోవేదన తగ్గింది. పెద్ద ఆస్పత్రులు కట్టకుండానే జరిగిన పని ఇది. మన ఊళ్ళలో ఆశా కార్యకర్తలున్నారు. వారికి తగిన శిక్షణా, చేసిన పనికి తగిన వేతనమూ ఇస్తే శావల్యాపురంలోనూ జరుగుతుంది. చూసుకునేవారికి వారానికి ఒక్క పూట విడుదల దొరికినా ఆ నాలుగో రాత్రి రాకపోను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల పట్టికలో ఈ జబ్బు పేరు ప్రత్యేకంగా లేదు. పేరు లేనిదానికి పత్రం తెచ్చుకోవడం పేదవాడికి ఎంత ప్రయాసో చెప్పనక్కరలేదు. మాట విషయంలో రచయితకు బాధ్యత వున్నదని మొదట అన్నది ఇందుకే.

ఇక మన సంగతి. 1936లో లక్నోలో అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్, అందానికి మనం వాడే కొలబద్దనే మార్చాలని చెప్పారు. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన మన సంఘం పుట్టింది. పొలంలో చెమట కార్చే మనిషిలో అందం చూడడం మనం నేర్చుకున్నాం, నేర్పాం. కాని మన దృష్టి ఉత్పత్తి చేసే మనిషి మీద ఎంతగా నిలిచిందంటే, ఉత్పత్తి చేయలేని మనిషిని, ఆ మనిషిని చూసుకునే మనిషిని మరచిపోయాం. పొలంలో పని అయితే శ్రమ, మంచం పక్కన పని అయితే అనురాగం అన్న తేడా మన పత్రికల్లో కూడా నడిచింది. ఆ తేడా పెట్టింది మనం వ్యతిరేకించే సమాజమే.

కాబట్టి కొత్త కథకుణ్ణి నేను అడిగేది పెద్ద కోరిక కాదు. వృద్ధదాంపత్యం రాసేటప్పుడు ఆ ఇంట్లో ఎవరు ఎన్ని గంటలు మేలుకున్నారో లెక్కపెట్టాలి. చేట ఎవరి చేతిలో వున్నదో, ఆ చేటలో కందులు ఎక్కడినుంచి వచ్చాయో చూడాలి. మతి చెదిరిన మనిషిని నవ్వులపాలు చేయకూడదు, పసిపిల్లనూ చేయకూడదు. చూసుకునే మనిషికి కోపం వుండనివ్వాలి, అలసట వుండనివ్వాలి, తప్పు చేయనివ్వాలి. రెండవ వీధికి కూడా పోవాలి. అక్కడ ఎవరూ మెచ్చుకోని పని ఆరేళ్ళుగా జరుగుతున్నది. దాన్ని పని అని పిలిస్తేనే, పంచుకోవలసిన బాధ్యత మిగిలిన మనుషుల మీద పడుతుంది.